పరుగుకు ముందు రక్త పరీక్ష
(మొదటిసారి క్రాస్ కంట్రీకి వెళ్లే పిల్లల తల్లిదండ్రుల కొరకు)

ఈ సంచికలో మన బడిపిల్లల పరుగు గురించి వ్రాస్తున్నాను. ఆసుపత్రి పత్రికలో పరుగు గురించి ఏమిటి అని కొందరు అనుకోవచ్చు. దసరా సెలవులు దాటిన దగ్గర నుండి మా ఓపీకి వచ్చే పిల్లలను చూస్తే ఆ సందేహం రాదు. ఒకరికి కాలి ముందు ఎముక నొప్పి, ఒకరికి కళ్లు తిరగడం, ఒకరికి మడమ నొప్పి. ఏమైందని అడిగితే, "సెలక్షన్లు ఉన్నయి సిస్టర్, పది దినాల సంది ఉరుకుతున్న" అంటారు.

పది రోజుల్లో తయారయ్యే పరుగు కాదు ఇది. 13 నుండి 17 ఏళ్ల వయసున్న బిడ్డ మొదటిసారి క్రాస్ కంట్రీకి పోవాలంటే కనీసం మూడు నెలల సమయం కావాలి. అందులో కాళ్లకు ఎంత సమయం పడుతుందో, రక్తానికీ అంతే సమయం పడుతుంది. ఈ రెండవ సంగతి చాలా మందికి తెలియదు. అందుకే దానినే ముందుగా, కొంచెం వివరంగా చెబుతాను.

అసలు క్రాస్ కంట్రీ అంటే ఏమిటో రెండు మాటలు. ఇది స్టేడియంలో ఎర్రటి ట్రాక్ మీద చుట్లు తిరిగే పరుగు కాదు. గడ్డి, మట్టి, ఎత్తుపల్లాలు, ఒక్కోసారి బురద, వీటి మీదుగా సాగే దూరపు పరుగు. మన దేశంలో జాతీయ పోటీల్లో 16 ఏళ్లలోపు బాలబాలికలకు 2 కిలోమీటర్లు, 18 ఏళ్లలోపు బాలికలకు 4, బాలురకు 6, 20 ఏళ్లలోపు అమ్మాయిలకు 6, అబ్బాయిలకు 8 కిలోమీటర్లు ఉంటాయి. జిల్లా ఎంపికలు, తరువాత రాష్ట్ర పోటీలు, ఆ తరువాత జాతీయ పోటీలు సాధారణంగా చలికాలంలోనే జరుగుతాయి.

చలికాలమే ఎందుకు అంటే, దానికి ఒక పాత కథ ఉంది. 1912 నుండి 1924 వరకు ఒలింపిక్స్‌లో కూడా క్రాస్ కంట్రీ ఉండేది. 1924 జూలైలో పారిస్‌లో మండుటెండలో ఆ పోటీ పెట్టారు. 38 మంది బయలుదేరితే 15 మందే గమ్యం చేరారు. ఫిన్లాండ్ దేశపు పావో నుర్మి గెలిచాడు కాని, దారి పొడుగునా వడదెబ్బతో పడిపోయిన వారిని ఏరుకోవలసి వచ్చింది. ఆ తరువాత ఒలింపిక్స్ నుండి ఆ పోటీనే తీసివేశారు. వాళ్లందరూ బాగా తయారైన పెద్దవారు. మన పిల్లలను మధ్యాహ్నం ఎండలో "కష్టపడితేనే వస్తది" అని ఉరికించే పెద్దలు దీన్ని గుర్తుంచుకుంటే చాలు.

రక్తం సంగతి

పరుగెత్తే కండరానికి ప్రాణవాయువు కావాలి. దాన్ని ఊపిరితిత్తుల నుండి మోసుకుపోయేది రక్తంలోని హిమోగ్లోబిన్. ఒక్క గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోస్తుంది. అంటే 12 గ్రాములున్న అమ్మాయి రక్తం ప్రతి 100 మిల్లీలీటర్లకు సుమారు 16 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోస్తే, 8 గ్రాములే ఉన్న అమ్మాయి రక్తం 11 మిల్లీలీటర్లను కూడా మోయలేదు. మూడింట ఒక వంతు తగ్గిపోయింది. ఇద్దరినీ ఒకే గీత దగ్గర నిలబెట్టి విజిల్ ఊదితే రెండవ అమ్మాయి వెనుకబడుతుంది. ఆమెది బద్ధకం కాదు. ఆమె గుండె ఆ లోటు పూడ్చడానికి ఇంకా వేగంగా కొట్టుకుంటున్నది.

ఇది ఎవరో ఒకరిద్దరి సమస్య అనుకోవద్దు. 2019 నుండి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుండి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి, అబ్బాయిల్లో 31.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. మీ బిడ్డ తరగతిలో పది మంది అమ్మాయిలుంటే ఆరుగురు అన్నమాట.

ఒకసారి తొమ్మిదవ తరగతి చదివే అమ్మాయిని తల్లి తీసుకొని వచ్చింది. "ఉరుకుమంటే సగం దూరంల కూసుంటది సిస్టర్, ఒట్టి సోమరిది. జర బలానికి ఒక గ్లూకోజు ఎక్కియ్యిండ్రి" అన్నది. కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా ఉన్నది. రక్త పరీక్షలో 8.2 గ్రాములు వచ్చింది. మలపరీక్షలో కొంకిపురుగుల గుడ్లు కనిపించాయి. ఆ అమ్మాయి ప్రతి రోజు చెల్కలో, పొలం ఒడ్ల మీద వట్టి కాళ్లతో నడిచేది. నులిపురుగుల మాత్ర ఇచ్చి, ఐరన్ మాత్రలు మొదలుపెట్టి, తిండి మార్పించాము. ఆ ఏడాది పోటీకి పోనియ్యలేదు. మూడు నెలల తరువాత 11.4 గ్రాములకు వచ్చింది. "సోమరిది" అనే మాటను ఆ తల్లి మళ్లీ అనలేదు.

అందుకని చెబుతున్నాను. డిసెంబరులో పోటీ ఉంటే సెప్టెంబరులోనే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. మాత్రలు మొదలుపెట్టిన తరువాత సాధారణంగా నెలకు ఒక గ్రాము, కొందరికి కొంచెం ఎక్కువ పెరుగుతుంది. పోటీకి పది రోజుల ముందు పరీక్ష చేయించి లాభం లేదు. 12 నుండి 14 ఏళ్ల పిల్లలకు, ఆపై వయసు అమ్మాయిలకు 12 గ్రాములు, 15 ఏళ్లు దాటిన అబ్బాయిలకు 13 గ్రాములు ఉండాలి. 10 కంటే తక్కువ ఉంటే పరుగు సాధన ఆపి ముందు వైద్యం చేయించాలి. 10కి 12కి మధ్యన ఉంటే మాత్రలతో పాటు నడక, మెల్లని పరుగు చేయవచ్చు. ఎంతవరకు అనేది డాక్టరు గారు చెబుతారు.

బడుల్లో వారానికి ఒకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను చాలా మంది పిల్లలు పుస్తకాల సంచిలో దాచి పారేస్తారు. వికారంగా ఉంటుందని, మలం నల్లగా వస్తుందని భయం. నల్లగా రావడం సహజం, ప్రమాదం లేదు. అన్నం తిన్న తరువాత వేసుకుంటే వికారం తగ్గుతుంది. ఆ మాత్రతోను, భోజనంతోను చాయ్ తాగకూడదు. చాయ్ ఐరన్‌ను శరీరానికి అందనియ్యదు. గంట, గంటన్నర ఆగి తాగాలి. నిమ్మరసం, జామకాయ, ఉసిరికాయ మాత్రం ఐరన్‌ను బాగా అందేట్లు చేస్తాయి. ఫిబ్రవరిలో, ఆగస్టులో బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్రను కూడా తప్పక వేయించండి.

ఇంకా ఏమేమి చూపించుకోవాలి

రక్తం తరువాత గుండె. భయపడవలసిన పని లేదు, చాలా మంది పిల్లల గుండెలు బాగానే ఉంటాయి. కాని కొన్ని ప్రశ్నలు తల్లిదండ్రులే ఇంట్లో వేసుకోవాలి. పరుగెత్తేటప్పుడు ఎప్పుడైనా స్పృహ తప్పి పడిపోయాడా? పరుగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి అంటున్నదా? తోటి పిల్లలకంటే చాలా ఎక్కువ ఆయాసం వస్తున్నదా? మన రక్తసంబంధీకులలో 50 ఏళ్లలోపు ఎవరైనా అకస్మాత్తుగా చనిపోయారా? ఒక్కదానికి "అవును" అని జవాబు వచ్చినా డాక్టరు గారికి చూపించి, ఈసీజీ, అవసరమైతే ఎకో తీయించకుండా పరుగు మొదలుపెట్టకూడదు.

మన పల్లెల్లో కీళ్లవాత జ్వరం ఇంకా పూర్తిగా పోలేదు. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి, తరువాత మోకాలు, మడమ, మోచేయి ఒకదాని తరువాత ఒకటి వాచి జ్వరం వచ్చిన పిల్లలకు గుండె కవాటాలు దెబ్బతిని ఉండవచ్చు. మూడు వారాలకు ఒకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ తీసుకునే బిడ్డ మీ ఇంట్లో ఉంటే, ఆ సంగతి పీఈటీ సారుకు చెప్పకుండా దాచవద్దు. 2013 నుండి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లలను వైద్య బృందాలు బడులకు వచ్చి ఉచితంగా పరీక్షిస్తాయి. ఆ రోజు బిడ్డను బడి మాన్పించకండి.

పాకాల, కొత్తగూడ వైపు గూడేల నుండి వచ్చే గిరిజన పిల్లల తల్లిదండ్రులకు మరొక మాట. గిరిజన ప్రాంతాలలో సికిల్ సెల్ లక్షణం కొన్ని కుటుంబాలలో ఉంటుంది. 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద దీనికి ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. జబ్బు లేకుండా లక్షణం మాత్రమే ఉన్నవారు పరుగెత్తకూడదని కాదు. అయితే వారికి నీళ్లు తక్కువై, ఎండలో, ఒక్కసారిగా అతివేగంగా ఉరికితే కండరాలు దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. తొడలు, నడుము బిగుసుకొని బలం పోయినట్లు అనిపించగానే ఆగిపోయే స్వేచ్ఛ ఆ బిడ్డకు ఉండాలి. "ఇంకొంచెం ఉరుకు" అని వెనుక నుండి అరవకూడదు.

ఉబ్బసం ఉన్న పిల్లలు కూడా పరుగెత్తవచ్చు. చలిగాలి, పత్తి దుమ్ము, కంది పొట్టు దుమ్ము వారికి పడవు. డాక్టరు గారు వ్రాసిన ఇన్‌హేలరును పరుగుకు 15 నిమిషాల ముందు తీసుకోవాలి. ఇన్‌హేలరు వాడితే అలవాటైపోతుందన్నది వట్టి అపోహ. దాన్ని దాచుకొని పోయే బిడ్డకంటే జేబులో పెట్టుకొని పోయే బిడ్డ క్షేమం.

మెల్లగా మొదలు

పిల్లలు చేసే మొదటి పొరపాటు మొదటి రోజే పోటీ వేగంతో ఉరకడం. గుండె, ఊపిరి నాలుగైదు వారాల్లో అలవాటు పడతాయి. ఎముకలు, నరంలాగా కనిపించే కండర బంధనాలు అంత తొందరగా గట్టిపడవు. ఊపిరి ఆడుతున్నది కదా అని దూరం పెంచితే ఎముక నొప్పి పెడుతుంది.

మొదటి మూడు వారాలు వారానికి నాలుగు రోజులు చాలు. పది నిమిషాలు చురుకుగా నడిచి, తరువాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఇట్లా అరగంట. మెల్లగా పరుగు పెంచి నడక తగ్గించాలి. ఐదవ వారానికి ఆగకుండా 15, 20 నిమిషాలు, ఎనిమిదవ తొమ్మిదవ వారానికి 30, 35 నిమిషాలు పోగలగాలి. వేగం ఎంత అంటే, పక్కన ఉరికే స్నేహితురాలితో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత. "అవ్... ఔ..." అని ముక్కలు ముక్కలుగా మాట వస్తే ఎక్కువైనట్టే. ఇంతకంటే మంచి యంత్రం ఏ దుకాణంలోనూ దొరకదు.

ఏడవ వారం నుండి వారంలో ఒక రోజు ఎత్తు ఎక్కే సాధన పెట్టవచ్చు. మనకు కొండలు లేవని చింత వద్దు, ప్రతి ఊరికి ఒక చెరువు కట్ట ఉన్నది. కట్ట వాలు మీద అర నిమిషం పైకి పరుగు, నడుస్తూ కిందికి, ఆరుసార్లు. దిగేటప్పుడు ఉరకవద్దు, మోకాళ్లు అక్కడే దెబ్బతింటాయి. మరొక రోజు ఒక నిమిషం వేగంగా, రెండు నిమిషాలు మెల్లగా, ఐదారుసార్లు. వేగం సాధన రెండు రోజులు వరుసగా ఉండకూడదు. పోటీకి ముందు వారం సగానికి తగ్గించాలి. ఆదివారం పూర్తి విశ్రాంతి. విశ్రాంతి రోజున శరీరం ఆ వారపు సాధనను తనలో కలుపుకొంటుంది, అది వృథా పోయిన రోజు కాదు.

ఒక చిన్న పని ఇంట్లోనే నేర్చుకోవచ్చు. ఉదయం లేవగానే, మంచం దిగకముందే, బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి నిమిషం పాటు నాడి లెక్కపెట్టి నోటు పుస్తకంలో వ్రాసుకోవాలి. కొన్ని వారాలకు తన మామూలు లెక్క ఎంతో తెలుస్తుంది. ఒక ఉదయం దానికంటే పది ఎక్కువగా ఉంటే జ్వరం రాబోతున్నదో, అలసట తీరలేదో అని అర్థం. ఆ రోజు పరుగు వద్దు. మా వార్డుల్లో శిక్షణ పొందే నర్సింగు పిల్లలకు మొదటి వారం నేర్పే పని ఇది. మీ పిల్లలు రెండు రోజుల్లో నేర్చుకుంటారు.

నిద్ర 8 నుండి 10 గంటలు ఉండాలి. ఐదింటికి లేచి ఉరికేవాడు పదకొండు దాకా సెల్ ఫోన్ చూస్తే ఏ మాత్రలూ ఆదుకోవు.

తిండి, గ్లూకోజు సీసా

మళ్లీ ఆ గ్లూకోజు సంగతికి వస్తాను. మన ప్రాంతంలో నీరసం అంటే గ్లూకోజు సీసా. 5 శాతం గ్లూకోజు ఉన్న అర లీటరు సీసాలో ఉండే చక్కెర 25 గ్రాములు. అంటే సుమారు వంద క్యాలరీలు, ఒక పెద్ద అరటిపండులో ఉండేంత. అందులో ఐరన్ లేదు, మాంసకృత్తులు లేవు. వాంతులై నోటితో ఏమీ తీసుకోలేని రోగికి సెలైన్ ప్రాణం నిలుపుతుంది. తిరుగాడుతున్న బిడ్డకు మాత్రం అది సూదిపోటు, ఖర్చు తప్ప ఏమీ కాదు. పోటీకి ముందు రోజు "బలం ఇంజెక్షన్" వేయించడం ఇంకా చెడ్డది. కొన్ని ఇంజెక్షన్లలో స్టెరాయిడ్ ఉంటుంది. అది ఆరోగ్యానికీ హాని, ఆటల నియమాలకూ విరుద్ధం. డబ్బాల్లో వచ్చే కండల పొడులు కూడా ఈ వయసుకు అక్కర లేదు.

మరి ఏమి పెట్టాలి? మన ఇండ్లలో ఉన్నదే. మక్క గటక, జొన్న రొట్టె, అన్నం పప్పు, గుడ్డు, పెరుగు. ఒక గుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. పల్లిపట్టీ చవకైన బలం. ఆకుకూరల్లో తోటకూర, గంగవాయిలికూర, మునగాకు వారంలో నాలుగు రోజులైనా ఉండాలి, పప్పులో చింతపండో నిమ్మకాయో పడాలి. మాంసం తినేవారికి మేక కార్జం చాలా మంచి ఐరన్ ఆహారం. ఆదివారం కార్జం ముక్కలు ఎవరి కంచంలోకి పోతున్నాయో ఒకసారి గమనించండి. ఉరికేది ఆడబిడ్డ అయినా, చాలా ఇండ్లలో అవి తండ్రికి, అన్నకు పోతాయి. ఆడబిడ్డ అందరికీ వడ్డించి చివరన చారుతో తింటుంది. ఆ తిండితో నాలుగు కిలోమీటర్లు ఉరకమనడం న్యాయం కాదు.

పరుగు మొదలుపెట్టిన తరువాత ఆకలి పెరుగుతుంది, పెరగాలి. సన్నబడితే వేగం వస్తుందని అన్నం మానేసే అమ్మాయిలను ఈ మధ్య చూస్తున్నాము. అట్లా చేసిన వారికి నెలసరి ఆగిపోతుంది, ఎముకలు బలహీనపడి చిట్లుతాయి. మూడు నెలలు వరుసగా నెలసరి రాకపోతే "పరుగు వల్ల అట్లనే ఉంటది" అని ఊరుకోవద్దు, ఆసుపత్రికి తీసుకొని రండి. నెలసరి రోజుల్లో పరుగెత్తవచ్చునా అని తల్లులు గొంతు తగ్గించి అడుగుతారు. ఎత్తవచ్చు. నొప్పి ఎక్కువ ఉంటే ఆ రోజు విశ్రాంతి, లేకపోతే మామూలు సాధన. ఐదారు రోజులకు మించి రక్తస్రావం ఎక్కువగా పోతుంటే అదే రక్తహీనతకు కారణం కావచ్చు, అది చెప్పుకోవడానికి సిగ్గుపడవద్దు.

నీళ్లు దాహానికి తగినన్ని తాగాలి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోతున్నట్టు. అరగంట పరుగుకు మామూలు నీళ్లు చాలు. చెమట బాగా పట్టిన రోజు మజ్జిగలో ఉప్పు వేసుకోవచ్చు. లేదా లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. చెంచా అంటే చాయ్ చెంచా.

కాళ్లు, నేల, దారి

మన పిల్లలు చాలా మంది వట్టి కాళ్లతో ఉరుకుతారు, బాగానే ఉరుకుతారు. కాని మన నేలలో కొంకిపురుగులు ఉన్నాయి, పల్లేరుకాయలు, తుమ్మముళ్లు, సీసా పెంకులు ఉన్నాయి. సాధారణ క్యాన్వాస్ బూట్లయినా ఉండాలి. బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది. పెద్ద వేలి ముందు బొటనవేలు పట్టేంత జాగా ఉండాలి. కొత్త బూట్లతో పోటీకి పోకూడదు, రెండు వారాలు ముందే వాడాలి. తడిసిన సాక్సులు మార్చకపోతే వేళ్ల మధ్య ఒరుస్తుంది. ముల్లో పెంకో దిగితే సబ్బు నీళ్లతో కడిగి చూపించుకోండి. 10 ఏళ్లకు, 16 ఏళ్లకు వేయవలసిన ధనుర్వాతం టీకా పడిందో లేదో అప్పుడే కాదు, ఇప్పుడే చూసుకోండి.

వడ్లు రోడ్డు మీద ఆరబోసే రోజులివి. మిగిలిన సగం రోడ్డులో లారీలు, ట్రాక్టర్లు, మంచు. పిల్లలు వాహనాలకు ఎదురుగా, కుడి పక్కన ఉరకాలి, తెల్లని లేక లేత రంగు బట్టలు వేసుకోవాలి. వెలుతురు రాకముందు పొలం ఒడ్ల మీద వద్దు. కట్లపాము, రక్తపింజర తిరిగే చోట్లు అవి. పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టవద్దు, కోయవద్దు, పసరు కోసం తిప్పవద్దు. కాలు కదలనియ్యకుండా 108కి ఫోను చేయండి. కుక్క కరిస్తే 15 నిమిషాలు ధారగా సబ్బు నీళ్లతో కడిగి అదే రోజు టీకా మొదలుపెట్టాలి. మిరప, పత్తి చేన్లకు మందు కొట్టే గాలివాలులో ఉరకకూడదు. లోతుగా పీల్చేవారికి ఆ మందు మామూలు మనిషికంటే ఎక్కువ చేరుతుంది.

అమ్మాయిలు ఒంటరిగా పోకుండా ఇద్దరు ముగ్గురు కలిసి పోతే మంచిది. తమ్ముడో నాన్నో సైకిలు మీద వెంట ఉంటే ఇంకా మంచిది. మన జిల్లాలోనే, పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం తెచ్చింది. అదే ఏడాది జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లలో ప్రపంచ రికార్డు కూడా సాధించింది. కూలిపని చేసుకునే కుటుంబపు బిడ్డ. ఆమె పరుగు వేరు, క్రాస్ కంట్రీ వేరు. కాని ఆడపిల్లకు పరుగెందుకు అనేవారికి ఊరి పేరుతో సహా ఒక జవాబు ఉండాలని వ్రాశాను. 2022లో వెలువడిన పోలీసు నియామకాల ప్రకటనలో కూడా మహిళలకు 800 మీటర్లు, పురుషులకు 1600 మీటర్ల పరుగు పెట్టారు. ఆ కారణం చేతనైనా ఈ మధ్య తండ్రులు ఆడపిల్లలను గ్రౌండుకు పంపుతున్నారు, సంతోషం.

ఎప్పుడు ఆపాలి

నొప్పులన్నీ ఒకటి కాదు. పరుగు తరువాత రోజు తొడలు, పిక్కలు పట్టినట్టు ఉండి నడుస్తుంటే సడలిపోతే అది అలవాటు పడుతున్న నొప్పి. కాలి ముందు ఎముక మీద వేలు పెడితే ఒకే చోట చురుక్కుమంటే, రాత్రి కూడా నొప్పి ఉంటే, కుంటుతుంటే, అది ఎముకలో సన్నని చీలిక కావచ్చు. వెంటనే ఆపి ఎక్స్‌రే తీయించాలి. మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోయినా డాక్టరు గారు ఆపమంటే ఆపండి. పది పదిహేనేళ్ల మధ్య ఎదిగే పిల్లలకు మడమ వెనుక, మోకాలి చిప్ప కింద బుడిపె దగ్గర నొప్పి రావడం సాధారణం. ఎముక త్వరగా పొడుగై, కండరం దాన్ని లాగడం వలన వస్తుంది. విశ్రాంతి, మంచు కాపడం, సాధన తగ్గించడం చాలు.

నొప్పి మాత్ర వేసుకొని పోటీలో ఉరకడం నేను ఒప్పుకోను. డైక్లోఫెనాక్ వంటి మాత్రలు, శరీరంలో నీళ్లు తగ్గిన సమయంలో మూత్రపిండాలకు హాని చేస్తాయి. పైగా నొప్పి తెలియక చీలిన ఎముక విరుగుతుంది.

మనకు డెంగీ, టైఫాయిడ్, విష జ్వరాలు సరిగ్గా ఈ సాధన నెలల్లోనే వస్తాయి. ముక్కు కారడం మాత్రమే ఉంటే మెల్లగా నడవవచ్చు. జ్వరం, ఒళ్లు నొప్పులు ఉంటే పరుగు పూర్తిగా బందు. జ్వరంలో ఉరికితే గుండె కండరానికి వాపు రావచ్చు. జ్వరం తగ్గిన తరువాత కూడా వారం రోజులు ఆగి, నడకతో మళ్లీ మొదలుపెట్టాలి. డెంగీ, టైఫాయిడ్ అయితే డాక్టరు గారు సరేనన్న తరువాతనే. ఒక సీజను పోతే వచ్చే ఏడాది ఉన్నది కదా అని బిడ్డకు మీరే చెప్పాలి, వాళ్లంతట వాళ్లు చెప్పుకోరు.

గ్రౌండులో ఎవరైనా ఒళ్లు కాలిపోతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ తూలితే అది వడదెబ్బ. చలికాలం ఉదయం కూడా రావచ్చు. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, గట్టిగా విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో మంచు పెట్టండి. ముందు చల్లబరచి, 108 వచ్చిన తరువాత ఎక్కించండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

పోటీ రోజు

నర్సంపేట నుండి హనుమకొండ సుమారు 40 కిలోమీటర్లు. తెల్లవారుజామున బస్సెక్కి, ఖాళీ కడుపుతో దిగి, అక్కడ మిర్చి బజ్జీ తిని గీత దగ్గర నిలబడే పిల్లలను ప్రతి ఏడాది చూస్తారు పీఈటీ సార్లు. బస్సులో వాంతులయ్యే బిడ్డ అయితే ముందు రోజే పోయి బంధువుల ఇంట్లో ఉండటం మంచిది. పరుగుకు రెండున్నర, మూడు గంటల ముందు ఇడ్లీ గాని ఉప్మా గాని తిని, గంట ముందు ఒక అరటిపండు. పప్పు, పాలు, నూనె వంటలు ఆ ఉదయం వద్దు. కడుపులో పోటు వచ్చేది చాలా వరకు అందుకే. కొత్త పదార్థం ఏదీ ఆ రోజు రుచి చూడకూడదు.

పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఆధార్ ముందు రాత్రే సంచిలో పెట్టండి. వయసు తగ్గించి వ్రాయించే ఆలోచన ఎవరైనా చెప్పినా వినవద్దు. ఎముకల ఎక్స్‌రేతో వయసు అంచనా వేసే పద్ధతి పెద్ద పోటీల్లో ఉన్నది. పట్టుబడితే నష్టపోయేది పిల్లవాడే.

విజిల్ పడగానే అందరూ ఎగబడతారు. మొదటి అర కిలోమీటరులో వెనుక ఉండి, ఊపిరి కుదిరిన తరువాత ఒక్కొక్కరిని దాటుకుంటూ పోయే బిడ్డ చివరకు ముందుంటుంది. గమ్యం దాటగానే కూర్చోకుండా ఐదు పది నిమిషాలు నడవాలి. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. తరువాత తడి బట్టలు మార్చుకొని, నీళ్లు తాగి, అరగంటలో ఏదైనా తినాలి. ఆ సంచిలో రెండు అరటిపండ్లు, రెండు పల్లిపట్టీలు, పొడి చొక్కా, తువాలు పెట్టి పంపండి. మరునాడు పరుగు వద్దు, ఊళ్లో ఒక గంట నడిస్తే చాలు. గోళ్లు నల్లబడి ఉంటే గిల్లకుండా మాకు చూపించండి.

మా ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ పరీక్ష ఉదయం ఓపీలోనే చేస్తారు, పరగడుపున రావలసిన పని లేదు. వచ్చేటప్పుడు టీకాల కార్డు, పాత చీటీలు వెంట తెచ్చుకోండి.